సీఆర్‌పీ తగ్గింది, మచ్చలు పెరిగాయి: ఏది నమ్మాలి?

ప్రశ్న: డాక్టరు గారూ, మాది చీరాల. మా వారికి 47 ఏళ్లు, బట్టల కొట్టు నడుపుతారు. ఎనిమిదేళ్లుగా సోరియాసిస్. వీపు మీద అరచేయంత మచ్చలు ఐదారు, మోకాళ్ల కింద ఒక్కో కాలికి మూడేసి, మోచేతుల మీద కొంచెం, తలలో పొట్టు. ఎండాకాలంలో కూడా కొట్లో ఫుల్ హ్యాండ్స్ చొక్కాతోనే ఉంటారు. ఈమధ్య ఇక్కడి ఆర్‌ఎంపీ గారు ఇచ్చిన చిన్న తెల్ల మాత్రలు రెండు వారాలు వాడారు. వారానికే ఒళ్లు తేటపడింది. ఆపేశాక ముందుకంటే ఎక్కువగా వచ్చింది. ఆ మాత్రలు వాడుతుండగానే ఒక ల్యాబ్ ప్యాకేజీలో రక్తపరీక్షలు చేయించాం. సీఆర్‌పీ 0.42 వచ్చింది (ఒంట్లో వాపును చూపే పరీక్షట అది). రెండేళ్ల కిందట పన్ను చీము పట్టి దవడ వాచినప్పుడు చేయిస్తే 14 ఉంది, అప్పుడు మచ్చలు పెద్దగా లేవు. "ముప్పై రెట్లు తగ్గింది, లోపల జబ్బేమీ లేదు, ఉన్నదంతా పైపైనే" అని మా వారు అంటున్నారు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే మా అబ్బాయేమో అదే రిపోర్టులో తెల్లకణాల్లో న్యూట్రోఫిల్స్ 68 శాతం, లింఫోసైట్స్ 22 శాతం ఉండటం చూసి, ఒకదాన్ని ఇంకోదాంతో భాగిస్తే 3 దాటింది కాబట్టి జబ్బు తీవ్రంగా ఉందంటున్నాడు. గుంటూరులో చూపిస్తే స్కిన్ డాక్టరు గారు మెథోట్రెక్సేట్ మాత్రలు గానీ, అవి పడకపోతే ఇంజెక్షన్లు గానీ మొదలుపెట్టాలన్నారు. రిపోర్టు నార్మల్ ఉండగా అంత పెద్ద మందులెందుకని ఈయన మొండికేశారు. ఎవరి మాట వినాలి? రెండు రిపోర్టుల కాపీలూ పంపుతున్నాను. ఇంకో సంగతి, పొద్దున లేవగానే మడమ నొప్పని కుంటుతుంటారు, అది బరువు వల్లేనని అనుకుంటున్నాం (5 అడుగుల 5 అంగుళాలు, 88 కిలోలు).

జవాబు: గుంటూరు డాక్టరు గారి మాట వినండమ్మా. మీ వారూ, మీ అబ్బాయీ ఒకే గొట్టంలోని రక్తాన్ని పట్టుకుని చెరో వైపు లాగుతున్నారు. ఒకరికి అందులో జబ్బు తగ్గినట్టు కనిపించింది, ఇంకొకరికి పెరిగినట్టు కనిపించింది. నిజానికి ఆ రోజు ఆ రక్తంలో ఉన్నది జబ్బు సమాచారం కంటే ఆ తెల్ల మాత్రల సమాచారమే ఎక్కువ.

దానికంటే ముందు ఒక చిన్న లెక్క సరిచేయాలి. మీరు పంపిన పాత రిపోర్టులో 14 పక్కన "లీటరుకు మిల్లీగ్రాములు" అని ఉంది. కొత్తదాంట్లో 0.42 పక్కన "డెసిలీటరుకు మిల్లీగ్రాములు" అని ఉంది. డెసిలీటరు అంటే లీటరులో పదో వంతు. కాబట్టి 0.42ను పాత కొలతలోకి మారిస్తే 4.2 అవుతుంది. 14 నుంచి 4.2కి వచ్చిందంటే తగ్గింది మూడో వంతుకు. ముప్పై రెట్లు కాదు. ల్యాబ్‌ మారినప్పుడల్లా కొలతా మారుతుంటుంది, దాన్ని చీమంత అక్షరాల్లో వేస్తారు. పాత రిపోర్టు, కొత్త రిపోర్టు పక్కపక్కన పెట్టి అంకెలు పోల్చే అలవాటు మనలో చాలామందికి ఉంది. అంకె చూసే ముందు దాని పక్కనున్న కొలత చూడమని మీ వారికి చెప్పండి. మీటరు లెక్కకూ గజం లెక్కకూ తేడా ఆయనకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు.

ఇక ఆ 14 సంగతి. సీఆర్‌పీ అనేది కాలేయం తయారుచేసే ఒక ప్రోటీన్. 1930లో అమెరికాలోని రాక్‌ఫెలర్ ఇన్‌స్టిట్యూట్‌లో టిల్లెట్, ఫ్రాన్సిస్ అనే ఇద్దరు వైద్యులు న్యుమోనియా రోగుల రక్తంలో దీన్ని మొదట గుర్తించారు. ఒంట్లో ఎక్కడైనా సూక్ష్మజీవి దాడి చేసినా, దెబ్బ తగిలినా, వాపు మొదలైనా ఐఎల్-6 అనే రసాయన సంకేతం రక్తంలోకి వస్తుంది. అది చేరగానే కాలేయం సీఆర్‌పీని గుమ్మరిస్తుంది. కారణం తొలగిపోతే అంతే వేగంగా పడిపోతుంది. రక్తంలో ఉన్న సీఆర్‌పీలో సగం సుమారు 19 గంటల్లో ఖర్చయిపోతుంది. ఊరవతల నుంచి చూస్తే ఊళ్లో పొగ లేస్తోందని తెలుస్తుంది గానీ, అది ఎవరింటి పొయ్యిదో తెలియదు. సీఆర్‌పీ కూడా అంతే. చీము పట్టిన పన్ను, గొంతు నొప్పి, వైరల్ జ్వరం, చిగుళ్ల జబ్బు, కీళ్లవాతం, పొట్ట చుట్టూ పేరుకున్న కొవ్వు, ఇవన్నీ దాన్ని పెంచగలవు. రెండేళ్ల కిందటి 14కి మొదట అనుమానించాల్సింది ఆ పన్నునే. అప్పుడు మచ్చలు తక్కువగా ఉన్నా సీఆర్‌పీ ఎక్కువగా ఉండటంలో వింతేమీ లేదు.

ఇప్పుడు మాత్రలు. నేను వాటిని చూడలేదు. కానీ వారంలో ఒళ్లు తేటపడి, ఆపగానే రెట్టింపై తిరిగొచ్చిందంటే అవి స్టెరాయిడ్ మాత్రలేనన్నది నా బలమైన అనుమానం. స్ట్రిప్పు ఇంట్లో ఉంటే పారేయకండి, గుంటూరు డాక్టరు గారికి చూపించండి. కాగితంలో చుట్టి విడి మాత్రలు ఇచ్చి ఉంటే ఆ సంగతీ చెప్పండి. స్టెరాయిడ్ రక్తంలో రెండు మార్పులు తెస్తుంది. ఒకటి, వాపు సంకేతాలను అణిచేసి సీఆర్‌పీని కిందికి దించుతుంది. రెండు, రక్తనాళాల గోడలకు అంటుకుని ఉండే న్యూట్రోఫిల్ కణాలను ప్రవాహంలోకి వదులుతుంది, లింఫోసైట్లను రక్తంలోంచి తప్పిస్తుంది. అంటే న్యూట్రోఫిల్స్ శాతం పెరిగి, లింఫోసైట్స్ శాతం తగ్గుతుంది. మీ అబ్బాయి వేసిన భాగహారం తప్పు కాదు. 68ని 22తో భాగిస్తే 3.09 వస్తుంది. కానీ ఆ రోజు ఆ నిష్పత్తిని పెంచడానికి మాత్ర ఒక్కటే చాలు. మీ వారికి సంతోషం కలిగించిన అంకె, మీ అబ్బాయిని భయపెట్టిన అంకె, రెండూ ఒకే మాత్ర పని అయ్యుండవచ్చు.

ఈ మాత్రల విషయంలో రక్తపరీక్షల గొడవ కంటే పెద్ద ప్రమాదం ఒకటి ఉంది. సోరియాసిస్ ఉన్నవాళ్లు స్టెరాయిడ్ మింగి హఠాత్తుగా ఆపితే జబ్బు ఉన్నచోట తిరగబెట్టడమే కాదు, రూపం మార్చుకోవచ్చు. ఒళ్లంతా ఎర్రబడి పొట్టు రాలడం, లేదా చలి జ్వరంతో పాటు ఎర్రటి చర్మం మీద ఆవగింజంత తెల్లటి చీము పొక్కులు గుంపులు గుంపులుగా లేవడం జరగొచ్చు. అలాంటివి కనిపిస్తే అపాయింట్‌మెంట్ తేదీ దాకా ఆగకండి, అదే రోజు పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. ఆ స్థితిలో మాత్రం సీఆర్‌పీ, తెల్లకణాల సంఖ్య, కాల్షియం, కిడ్నీ పరీక్షలు నిజంగా పనికొస్తాయి, వాటిని చూసే చికిత్స నడుపుతారు. "ఆయుర్వేదం పొడి" అని పేరు రాయకుండా పొట్లాలు కట్టిచ్చే వాటిలోనూ స్టెరాయిడ్ కలిసిన సందర్భాలు మా దగ్గరికి వస్తూనే ఉంటాయి. వారంలో అద్భుతం చూపించే ఏ మందునైనా సోరియాసిస్ విషయంలో నేను అనుమానంగానే చూస్తాను.

మీ అబ్బాయి ఎక్కడో చదివిందాన్ని కొట్టిపారేయను. న్యూట్రోఫిల్, లింఫోసైట్ల నిష్పత్తిని ఎన్‌ఎల్‌ఆర్ అంటారు. ప్లేట్‌లెట్లను లింఫోసైట్లతో భాగించేది ఇంకొకటి. ప్లేట్‌లెట్లను న్యూట్రోఫిల్స్‌తో హెచ్చించి లింఫోసైట్లతో భాగించేది మరొకటి. మామూలు బ్లడ్ కౌంటులోంచే వచ్చే లెక్కలు కాబట్టి అదనపు ఖర్చు లేదు, అందుకే పరిశోధకులకు వీటి మీద మక్కువ. సోరియాసిస్ ఉన్న గుంపునూ లేని గుంపునూ పోల్చినప్పుడు ఉన్నవాళ్ల సగటు కాస్త ఎక్కువగా ఉందని చాలా అధ్యయనాల్లో తేలింది. సీఆర్‌పీ, దానిలాగే వాపును చూపే ఈఎస్‌ఆర్ పరీక్షల విషయంలోనూ అంతే. చిక్కల్లా ఆ తర్వాతే వస్తుంది. మచ్చలు పెరిగేకొద్దీ ఈ అంకె కూడా పెరుగుతుందా అని చూస్తే కొన్ని అధ్యయనాల్లో అవునని, కొన్నింట్లో కాదని వచ్చింది. అవునన్న చోట కూడా ఆ లంకె బలహీనమైనదే. గుంపు సగటు వేరు, మీ ఇంట్లో మనిషి వేరు. ఒళ్లంతా మచ్చలున్న మనిషికి ఎన్‌ఎల్‌ఆర్ 1.5 ఉండొచ్చు, ఒక్క మచ్చా లేని వాడికి జలుబు చేసిన రోజున 4 ఉండొచ్చు. రెండు గుంపుల అంకెలూ అంతగా కలిసిపోయి ఉన్నప్పుడు, ఒక మనిషి అంకె చూసి జబ్బు తీవ్రత చెప్పడం కుదరదు.

ఎందుకిలా అంటే సోరియాసిస్‌లో అసలు వ్యవహారం చర్మంలోనే నడుస్తుంది. అక్కడ చేరిన రోగనిరోధక కణాలు ఐఎల్-23, ఐఎల్-17 అనే సంకేతాలతో చర్మకణాలను రెచ్చగొడతాయి. మామూలుగా నెల రోజులు పట్టే చర్మకణం ప్రయాణం నాలుగైదు రోజుల్లో ముగుస్తుంది. ముదరని కణాలు కుప్పలుగా పైకొచ్చి వెండి పొలుసుల్లా రాలతాయి. ఈ సంకేతాలు రక్తంలోకి కారేది కొద్దిగానే. కాలేయానికి వినపడేంత గట్టిగా కారితే సీఆర్‌పీ పెరుగుతుంది, లేకపోతే పెరగదు. చర్మం మండిపోతున్నా కాలేయానికి కబురు అందకపోవచ్చు.

దీనికి బరువు తోడైతే గందరగోళం ఇంకా పెరుగుతుంది. మీరు రాసిన ఎత్తు, బరువు ప్రకారం మీ వారి బీఎంఐ 32 దాటింది. మనవాళ్లకు 25 దగ్గరే ఊబకాయం గీత గీస్తారు. పొట్టలోని కొవ్వు ఊరికే కూర్చోదు, అది కూడా ఐఎల్-6ను విడుదల చేస్తుంది. కాబట్టి స్టెరాయిడ్ ప్రభావం పూర్తిగా పోయాక మళ్లీ పరీక్ష చేస్తే సీఆర్‌పీ 4 కాదు, 6 వచ్చినా, అది చర్మానిదా పొట్టదా అని చెప్పగలిగే వాళ్లెవరూ లేరు. ఈఎస్‌ఆర్ ఇంకా మొద్దు పరీక్ష. నిలబెట్టిన గొట్టంలో ఎర్రకణాలు గంటలో ఎంత కిందికి దిగాయో కొలవడమే దాని పని. వయసు పెరిగినా, రక్తం తక్కువైనా, ఆడవాళ్లకు గర్భమొచ్చినా పెరుగుతుంది. నెలనెలా ఈఎస్‌ఆర్ చేయించి, ఫైలులో గ్రాఫు గీసుకుని వచ్చే సోరియాసిస్ రోగులున్నారు. ఆ శ్రద్ధ చూస్తే ముచ్చటేస్తుంది గానీ, ఆ డబ్బుతో మంచి మాయిశ్చరైజర్ కొనుక్కోవచ్చు.

మరి తీవ్రత ఎలా తెలుస్తుంది? కళ్లతో, చేతులతో, నాలుగు ప్రశ్నలతో. వేళ్లతో సహా రోగి అరచెయ్యి ఒంటి చర్మంలో సుమారు 1 శాతం. మీరు రాసినదాని ప్రకారం వీపు మీద ఐదారు, కాళ్ల మీద ఆరు. తల, మోచేతులు కలపకుండానే 11, 12 శాతం. 10 శాతం దాటితే తీవ్రమైన సోరియాసిస్‌గానే లెక్కవేస్తాం. ఇంకాస్త నిశితంగా కొలవడానికి పాసీ అనే స్కోరు ఉంది. 1978లో స్వీడన్ వైద్యులు ఒక కొత్త మందు పనితనాన్ని కొలవడానికి దీన్ని తయారుచేశారు, ఈనాటికీ సోరియాసిస్ కొత్త మందుల్లో చాలావాటిని ఈ కొలతతోనే పరీక్షిస్తున్నారు. ఒంటిని తల, చేతులు, మొండెం, కాళ్లు అని నాలుగు భాగాలు చేసి, ఒక్కో చోట ఎరుపు, మందం, పొట్టు ఎంతున్నాయో 0 నుంచి 4 దాకా మార్కులు వేస్తారు. మీ వారి కాళ్లే తీసుకోండి. మూడింటికీ 3 చొప్పున వేస్తే 9. కాళ్ల చర్మంలో 10 నుంచి 29 శాతం లోపు జబ్బు ఉంటే దానికి 2. ఒంట్లో కాళ్ల వాటా 0.4. హెచ్చిస్తే 7.2. కేవలం కాళ్లకే ఇంత. వీపూ తలా చేతులూ కలిపితే మొత్తం 10 దాటకుండా ఉండే అవకాశం తక్కువ. 10 దాటితే తీవ్రం. గరిష్ఠం 72, కానీ అంత దూరం వెళ్లేవాళ్లు చాలా అరుదు. నేను మనిషిని చూడకుండా వేసిన లెక్క ఇది, సరైన లెక్క మీ డాక్టరు గారు వేసే ఉంటారు.

ఇక్కడ మన చర్మపు రంగు గురించి ఒక మాట చెప్పాలి. పాఠ్యపుస్తకాల్లో సోరియాసిస్ మచ్చ గులాబీ రంగులో మెరుస్తుంటుంది. చామనఛాయ ఒంటి మీద అది ఊదా, ముదురు గోధుమ, ఒక్కోసారి నల్లగానే కనిపిస్తుంది. ఎరుపు కనిపించలేదని మార్కులు తగ్గించేస్తే జబ్బు ఉన్నదానికంటే చిన్నదిగా తేలుతుంది. చేత్తో తడిమి మందం చూడటం అందుకే ముఖ్యం.

మూడో కొలత బతుకుది. 1994లో బ్రిటన్‌లోని కార్డిఫ్ వైద్యులు పది ప్రశ్నల పత్రం ఒకటి తయారుచేశారు. దురద ఎంత, సిగ్గు ఎంత, బట్టల ఎంపిక మారిందా, పనికి అడ్డొచ్చిందా, దాంపత్యానికి ఇబ్బంది అయిందా, ఇలా వారం రోజుల సంగతులు అడుగుతుంది. 30కి 10 దాటితే జబ్బు బతుకును బాగా తొలిచేస్తున్నట్టు. చీరాల ఎండలో, మే నెల ఉక్కపోతలో, చీరలు పరిచి చూపించే మనిషి ఫుల్ హ్యాండ్స్ చొక్కా మానలేకపోతున్నాడంటే ఆ పత్రం నింపకముందే నాకు సగం జవాబు తెలిసిపోయింది. చేతుల మీది పొట్టు కొత్త బట్ట మీద రాలుతుందేమో, ఎదురుగా కూర్చున్నవాళ్లు చూసి లేచిపోతారేమో అన్న భయం ఆయనకు రోజూ ఉండే ఉంటుంది. ఇది అంటుకునే జబ్బు కాదు, ఆ సంగతి ఆయనకు తెలుసు. కొట్టుకొచ్చేవాళ్లకు తెలియదు. ఈ బాధ ఏ గొట్టంలోని రక్తంలోనూ కనిపించదు. దీన్ని "పైపైన జబ్బు" అనడం ఆయనకు ఆయనే చేసుకుంటున్న అన్యాయం.

ఇంకొకటి, గోళ్లు, అరచేతులు, మర్మాంగాల దగ్గర ఉంటే శాతం తక్కువైనా తీవ్రమైనదిగానే చూస్తాం. మగవాళ్లు ఆ చివరి చోటు గురించి అడిగితే తప్ప చెప్పరు. మీరే డాక్టరు గారి చెవిన వేయండి.

ఇప్పుడు మీరు ఉత్తరం చివర ఒక్క వాక్యంలో దాటేసిన మడమ నొప్పి దగ్గరికి వస్తాను. నా మటుకు నాకు ఆ రెండు రిపోర్టులకన్నా అదే ముఖ్యం. సోరియాసిస్ ఉన్న నలుగురైదుగురిలో ఒకరికి కీళ్లకు కూడా పాకుతుంది. ఎక్కువమందిలో మచ్చలు ముందు వచ్చి, కొన్నేళ్ల తర్వాత కీళ్లు పట్టుకుంటాయి. కీలులోనే మొదలవ్వాలని లేదు, కండర తాడు ఎముకకు అతుక్కునే చోట వాపుతో మొదలుకావచ్చు. అలాంటి చోట్లలో మడమ మొదటి వరసలో ఉంటుంది. మీరన్నట్టు బరువు వల్ల అరికాలి పట్టీ లాగేసి నొప్పి రావడమూ మామూలే, అది కూడా పొద్దున మొదటి అడుగుల్లోనే బాధిస్తుంది. ఆ రెంటినీ ఉత్తరంలో విడదీయలేను. కానీ సోరియాసిస్ ఉన్న మనిషిలో మడమ నొప్పిని బరువు ఖాతాలో రాసేసి ఊరుకోకూడదు.

చర్మవైద్యులు కీళ్లవాతాన్ని పసిగట్టడానికి వాడే ఐదు ప్రశ్నలున్నాయి, ఈ రాత్రే ఆయన్ని అడగండి. ఎప్పుడైనా ఏదైనా కీలు వాచిందా? కీళ్లవాతం ఉందని ఏ డాక్టరైనా అన్నారా? చేతి లేదా కాలి గోళ్లలో సూదితో గుచ్చినట్టు గుంటలున్నాయా? మడమ నొప్పి వచ్చిందా? కారణం లేకుండా ఒక వేలు మొత్తం వాచి నొప్పి పెట్టిందా? మూడింటికి అవునంటే కీళ్ల వైద్యుడికి, అంటే రుమటాలజిస్టుకు చూపించాల్సిందే. ఒకటి ఇప్పటికే అవును. మూడు కాకపోయినా, లేచాక కీళ్లో నడుమో పట్టేసినట్టుండి అరగంట దాటినా వదలకపోతే, తిరిగేకొద్దీ తేలికపడుతుంటే, అదీ చెప్పండి. ఈ కీళ్లవాతం ఉన్నవాళ్లలో దాదాపు సగంమందికి సీఆర్‌పీ, ఈఎస్‌ఆర్ నార్మల్‌గానే ఉంటాయి. వాతం కోసం చేసే ఆర్‌ఏ ఫ్యాక్టరు రక్తపరీక్ష కూడా సాధారణంగా నెగటివ్ వస్తుంది. "రక్తంలో వాతం లేదు" అన్న మాట నమ్మి ఏళ్ల తరబడి నొప్పి మాత్రలతో నెట్టుకొచ్చి, వేలి కీళ్లు అరిగాక వచ్చినవాళ్లను చూసి ఈ పేరా ఇంత పొడుగ్గా రాస్తున్నాను. సీఆర్‌పీ బాగా ఎక్కువగా ఉంటే అది అనుమానాన్ని బలపరుస్తుంది, కీళ్లు త్వరగా దెబ్బతినే ముప్పు ఉందని హెచ్చరిస్తుంది కూడా. తక్కువగా ఉంటే మాత్రం ఏమీ తేల్చదు.

ఇంతా విని రక్తపరీక్షలే దండగని అనుకోకండి. తీవ్రత చెప్పడానికి పనికిరానివి ఇతర ప్రశ్నలకు జవాబిస్తాయి. సోరియాసిస్ తీవ్రంగా ఉన్నవాళ్లకు షుగరు, బీపీ, కొలెస్టరాల్, కాలేయంలో కొవ్వు, గుండెపోటు ముప్పు మిగతావాళ్ల కంటే ఎక్కువ. "లోపల ఏమైనా ఉందా" అన్న మీ ఇంటి వాదనలో మీ అబ్బాయి వైపు న్యాయం ఉన్నది ఇక్కడే. అమెరికా గుండె వైద్యుల సంఘాలు 2018లో ఇచ్చిన కొలెస్టరాల్ మార్గదర్శకాల్లో సోరియాసిస్‌ను గుండె ముప్పు పెంచే పరిస్థితుల జాబితాలో చేర్చాయి. కాబట్టి మీ వారికి కావలసింది పరగడుపు షుగరు, మూడు నెలల సగటు షుగరు చెప్పే హెచ్‌బీఏ1సీ, కొలెస్టరాల్ పరీక్ష, లివర్ ఎంజైములు, బీపీ కొలత, నడుం చుట్టుకొలత. గుండె కోసం చేసే హెచ్‌ఎస్-సీఆర్‌పీ అనే సున్నితమైన పరీక్ష ఒకటుంది. దాన్నీ జ్వరం, జలుబు, పంటి చీము లేని రోజుల్లోనే చేయించాలి. 10 దాటి వస్తే గుండె సంగతి పక్కనపెట్టి ఒంట్లో ఇన్‌ఫెక్షన్ ఉందేమో చూసి, తగ్గాక మళ్లీ చేయించాలి. ప్యాకేజీల్లో అంటగట్టే "ఏ తిండి పడదు" తరహా ఐజీజీ పరీక్షలకు మాత్రం ఒక్క రూపాయి పెట్టకండి. వంకాయ, గోంగూర, చేపలు మానేస్తే తగ్గుతుందన్న పథ్యాలకూ ఆధారం లేదు. బరువు తగ్గితే మచ్చలు తగ్గుతాయన్నదానికి ఉంది, మందులూ మెరుగ్గా పనిచేస్తాయి. సిగరెట్, మద్యం అలవాటుంటే అవి తగ్గించడం కూడా చికిత్సలో భాగమే.

ఇక మందులు. గుంటూరు డాక్టరు గారు మెథోట్రెక్సేట్ అన్నది రిపోర్టు చూసి కాదు, మనిషిని చూసి. అది సరైన పద్ధతి. మీ వారికి దాని పేరు వింటే భయం ఉంటే, దగ్గర్లోని పెద్దాసుపత్రిలో నారోబ్యాండ్ యూవీబీ అనే కాంతి చికిత్స ఉందేమో అడగండి. వారానికి రెండు మూడుసార్లు వెళ్లాలి, కొట్టు మూసి తిరగగలరా అన్నదే సమస్య. పైగా కీళ్ల జబ్బు ఉందని తేలితే కాంతి చర్మానికే గానీ కీళ్లకు పనిచేయదు, అప్పుడు మాత్రలో ఇంజెక్షనో తప్పదు. ఇంజెక్షన్లు మొదలుపెట్టే ముందు ఛాతీ ఎక్స్‌రే, క్షయ దాగి ఉందేమో చూసే పరీక్ష, హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవీ పరీక్షలు చేయిస్తారు. అనుమానించి కాదు, వాటిలో కొన్ని మందులు నిద్రాణంగా ఉన్న క్షయను లేపగలవు కాబట్టి. ఈ రక్తపరీక్షలకు వంకలు పెట్టకండి.

మెథోట్రెక్సేట్ మొదలుపెడితే ఒక్క విషయంలో ఇంటిల్లిపాదీ కాపలా ఉండండి. అది వారానికి ఒక్కరోజు వేసుకునే మందు. రోజూ వేసుకుంటే నోరంతా పుండ్లు పడి, రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. ఏటా ఈ పొరపాటుతో ఆసుపత్రుల్లో చేరేవాళ్లున్నారు. ఆదివారమో లక్ష్మీవారమో ఒక రోజు ఖాయం చేసుకుని స్ట్రిప్పు మీద పెన్నుతో రాసిపెట్టండి. ఫోలిక్ యాసిడ్ మాత్ర ఏ రోజుల్లో వేసుకోవాలో డాక్టరు గారిని విడిగా అడిగి అదీ రాయండి, రెండూ చిన్న పసుపుపచ్చ మాత్రలే అయితే తారుమారయ్యే ప్రమాదం ఎక్కువ. మందు మీద ఉండగా సారా, బీరు ఏదీ వద్దు. జ్వరానికో విరేచనాలకో ఎవరైనా కోట్రైమాక్సజోల్ అనే యాంటీబయోటిక్ మాత్రలు రాస్తే, మెథోట్రెక్సేట్ వాడుతున్నామని ముందే చెప్పాలి. ఆ రెండూ కలిస్తే ఎముక మజ్జ దెబ్బతింటుంది.

మొదలుపెట్టే ముందు బ్లడ్ కౌంటు, లివర్, కిడ్నీ పరీక్షలు చేస్తారు, తర్వాత మొదట్లో తరచుగా, ఆపైన కొన్ని నెలలకోసారి. వారం మాత్ర వేసుకున్న మర్నాడో రెండో రోజో రక్తం ఇస్తే లివర్ ఎంజైములు తాత్కాలికంగా పెరిగి కనిపించి, మీ ఇంట్లో మళ్లీ ఇంకో వాదన మొదలవుతుంది. మాత్ర వేసుకున్నాక కనీసం ఐదు రోజులు గడిచాక, తర్వాతి మాత్రకు ముందు ల్యాబ్‌కు వెళ్లండి. ఆదివారం మాత్ర పెట్టుకుంటే శనివారం రక్తం ఇవ్వడం సరిపోతుంది.